తెర వెనక తాంబూలం

సినిమా అన్న మాట చెవిన పడితే చాలు, వన్నూరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది.

టూరింగు టాకీసులు డేరాలు ఎత్తుకొని ఊరూరా తిరిగే కాలం అది. అనంతపురం పక్క పల్లెల్లో తోలుబొమ్మలాట ఆడే తిప్పేస్వామికి ఆమె శిష్యురాలు. రాజుల బొమ్మలు ఆయన ఆడిస్తాడు. రాణుల బొమ్మలు ఆమెవి, వాటి గొంతూ ఆమెదే. మద్దెల మీద మద్దిలేటి. ఒకప్పుడు బండ్లు కట్టుకొని తిరిగిన మేళం. ఇప్పుడు ఈ ముగ్గురూ, ఒక బొమ్మల పెట్టె మిగిలారు.

ఆ ఎండాకాలం వాళ్లు గుడ్డంపల్లెకు చేరేసరికే ఊరి బయట మిట్ట మీద సినిమా డేరా లేచి ఉంది. మొదటి సాయంత్రం వీళ్ల తెర ముందుకు ఒక ముసలి కుక్క వచ్చి పడుకుంది. డేరాలో మైకు పాట మొదలయ్యేసరికి అది కూడా లేచి ఒళ్లు విదిలించుకొని అటే నడిచింది.

ఆట లేదు. దీపం ఆర్పేసి, తెర మడిచి, ఎవరి దుప్పటి వాళ్లు పరుచుకున్నారు.

మరుసటి పొద్దున టీ బంకు దగ్గర కుర్రాళ్లు రెండు జట్లుగా చీలిపోయి గొంతులు చించుకుంటున్నారు. మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని. ఒకడు ఆ సినిమా చూసి ఏడ్చానంటాడు. ఇంకొకడు అదే సినిమాలో హాయిగా నిద్రపోయానంటాడు. నిద్రపోయానన్నవాడి చొక్కా ఏడ్చినవాడి గుప్పిట్లో ఉంది.

వన్నూరమ్మ టీ గ్లాసు బండ మీద ఠక్కున పెట్టింది.

“యాల కొట్టుకుంటారు నాయనా? మీ హీరోలిద్దరూ ఒకటే. ఇద్దరూ దొంగలే.”

“నీదేం దొంగిలించినారక్కా?” అన్నాడు చొక్కా పట్టుకున్నవాడు.

“ఏం వదిలినారో అది అడుగు. తెర మాది. చీకట్లో కూచోబెట్టి వెలుతురులో కథ చెప్పడం మాది. సరే, తీసుకుంటిరి. పేరన్నా వదలకూడదా? ‘బొమ్మ పడిందా, బొమ్మ పడిందా’ అంటా పరిగెత్తుతారే, ఆ బొమ్మ ఎవురిది? తోలు నానబెట్టి, గీకి, ఎండబెట్టి, చిల్లులు పొడిచి, రంగులద్ది మేం చేసేదాని పేరు అది. ఇంట్లో సామాను పోతే కొనుక్కోవచ్చు. పేరు పోతే యాడ కొనుక్కోవాల?”

 ఒకడు ముందుకు వచ్చాడు.

“అది సరేగానీ అక్కా, నువ్వెప్పుడన్నా సినిమా చూసినావా?”

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు.

“చూడను. చూడాల్సిన పని ల్యా. మా తెర ముందర నిన్న కుక్క గూడా ల్యాకపాయ. అది చూసినా. చాలు నాకు.”

“చూడకుండా తిట్టేది ఏం న్యాయం? చూసినోళ్లను అడుగు. మీ మద్దిలేటన్నను అడుగు. రాత్రి నేల టికెట్టులో మా పక్కనే కూచున్యాడు.”

మద్దిలేటి బంకు వెనక్కి జారుకోబోయాడు. జారుకునేంత చోటు లేదు.

“పోయినావా?” అంది వన్నూరమ్మ.

“మన ఆట ల్యాకపాయ గదా. ఊరికే కూచొని ఏం చేయాల?”

“ఎట్లుండాది?”

మద్దిలేటి నేల చూశాడు. “బాగుండాది. అబద్ధం యాల చెప్పాల? సినిమాలో ఆ యమ్మ ఏడుస్తాంటే నాకూ ఏడుపొచ్చె.”

“ఇన్నేండ్లు నీ పక్కనే నిలబడి ఏడిస్తి. ఒక్కనాడన్నా వచ్చినాదా నీకు?”

“నువ్వు ఏడుస్తాంటే నేను వాయిస్తాంటి గదా వన్నూరమ్మా,” అన్నాడు మద్దిలేటి. “ఏడ్చేకి చేతులు ఖాళీగుండాల.”

  వన్నూరమ్మ టీ గ్లాసు అక్కడే వదిలేసి విసురుగా లేచి వచ్చేసింది.

తిప్పేస్వామి వేపచెట్టు నీడలో కూర్చొని రాణి బొమ్మ మోచేతి దారం బిగిస్తున్నాడు. వన్నూరమ్మ ఆయన ముందు నిలబడి అంతా కక్కేసింది. ఈ ఊరికి సిగ్గు లేదంది. మద్దిలేటికి అసలే లేదంది. ఈ సాయంత్రం కథ మొదలుపెట్టేముందు నవ్వించే బొమ్మలను తెర మీదికి తెచ్చి సినిమాను ఉతికి ఆరేస్తానంది.

“వినేకి ఎవురు వస్తారు?” అన్నాడు తిప్పేస్వామి, దారం మీది నుంచి చూపు తిప్పకుండా.

 వన్నూరమ్మ ఆయన ఎదురుగా చతికిలబడి గొంతు తగ్గించింది.

“పెద్దయ్యా, ఒకటి చెప్తా. ఆ డేరాలో తెరెనక ఎవుడో ఒకడు ఉంటాడు గదా. వేళ్లకు ఉంగరాలు పెట్టుకొని, మన తెర ముందర ఎవురూ లేరని తెలిసి, నవ్వుకుంటా ఆడిస్తాంటాడు. వాని మొగం ఒక్కసారి చూడాల. నాలుగంటే నాలుగు మాటలు అడగాల. అడిగితే నా కడుపు మంట చల్లారతాది.”

వెనకే వచ్చిన మద్దిలేటి మెల్లగా అందుకున్నాడు. “ఆడ మనుషులుండరు. మిషనుంటాది.”

“మిషనుకు చెయ్యి ఉండాల గదా! చెయ్యి ల్యాకుండా ఏ బొమ్మ ఆడతాది?”

తిప్పేస్వామి అప్పుడు తలెత్తాడు.

“మన కట్టుబాటు ఏంది అమ్మీ?”

ఆ కట్టుబాటు వన్నూరమ్మకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. అది ఆమెకు మానని పుండు. బొమ్మలాటవాళ్లు ఇంకొకరి ఆట చూస్తే, తెర ముందు కూర్చొని బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. ఆట అయ్యాక తెర పక్కగా తిరిగి వెనక్కి పోవాలి. ఆడినవాళ్ల చేతిలో ఆకువక్క పెట్టాలి. అప్పుడే మాట. తెర ముందు అన్న మాటకు లెక్కలేదు.

తిప్పేస్వామి ఎప్పుడూ ఆమె పక్కనే, అదే తెర వెనకే నిలబడి ఆడాడు. ఆమె ఆట ముందు కూర్చొని చూసిందే లేదు. అందుకని ఆమె చేతిలో ఆకువక్క పెట్టిందీ లేదు. పిల్లప్పుడు, మొదటిసారి రాణి గొంతు పలికి, చెమటలు తుడుచుకుంటూ అడిగింది, “ఎట్లుంది పెద్దయ్యా నా రాణి?” అని. ఆయన బొమ్మను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంది. ఆయన తుడుస్తూనే ఉన్నాడు. ఆమె తలవెంట్రుకల్లో తెలుపు వచ్చింది గానీ ఆ ఒక్క మాట రాలేదు.

“ఆట ఆడినోళ్లకు తెరెనక ఆకువక్క ఇచ్చినాకే మాట,” అంది.

“సినిమావాళ్లకు ఇచ్చినావా?”

“వాళ్లకా? నేనా?”

“ఇయ్యకుండానే మాట అంటాండావే.”

వన్నూరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

“సాయంత్రం పోదాం,” అన్నాడు తిప్పేస్వామి. “ఆకులు తడిగుడ్డలో చుట్టిపెట్టు. వాడిపోతాయి.”

ఆ పగలంతా ఆమె మాటలు నూరుకుంది. ఒకటి అంటే వాడు ఏమంటాడు, దానికి తాను ఏమనాలి, మళ్లీ వాడు ఎటు తప్పుకుంటాడు, అక్కడ ఎట్లా అడ్డంపడాలి. అన్ని దారులూ మూసేసింది. సంకటి ముద్ద తింటూ కూడా పెదాలు కదిలించింది. ఈ జన్మకు ఒక్కసారి, ఎదురుగా నిలబడి, వాడి కళ్లలోకి చూసి.

పొద్దుగూకింది. డేరాలో మైకు పాట ఆగి, బొమ్మ పడింది. తిప్పేస్వామి ఇత్తడి తట్టలో ఆకులు, వక్క పెట్టి, భుజం మీది తువ్వాలు సర్దుకొని నడిచాడు. వెనక వన్నూరమ్మ.

గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి చెయ్యి చాపాడు.

“ముందరికి కాదు నాయనా,” అన్నాడు తిప్పేస్వామి. “తెరెనక్కి.”

“తెరెనక ఏముంది తాతా? ముళ్లకంప.”

“ఆడేవాళ్లను చూడాల.”

గేటు మనిషి తట్టలో ఆకువక్క చూశాడు. ముసలాయన ముఖం చూశాడు. వేళాకోళం కాదని అర్థమై, నవ్వు ఆపుకున్నాడు.

“ఆడేవాళ్లు మద్రాసులో ఉంటారు తాతా. ఎప్పుడో ఆడేసిపోయినారు. ఇప్పుడు ఏడుస్తాంది చూడు ఆ యమ్మ, ఈపాటికి ఇంకా ఎన్ని సినిమాల్లో ఏడ్చిందో.”

“మరి ఇప్పుడు తిప్పేది?”

“మిషను. అటుపక్క గూట్లో ఆపరేటరు ఉంటాడు. ఆయప్ప బొమ్మ వంక చూడడు. చూస్తే ఆడ మిషన్లో వెలుతురిచ్చే బొగ్గుకడ్డీ ఆరిపోతాది, జనం నన్ను తంతారు.”

“దాచిపెడతాండాడు పెద్దయ్యా,” అంది వన్నూరమ్మ చెవిలో.

తిప్పేస్వామి అంతా విన్నాడు. విని, గేటు మనిషికి దండం పెట్టి, డేరా చుట్టూ తిరిగి వెనక్కే నడిచాడు.

వెనక గుడ్డ కింద నుంచి వంగి లోపలికి దూరారు. వన్నూరమ్మ నడుము నిలిపి, కొంగు బిగించి, నూరిపెట్టుకున్న మొదటి మాటను నాలుక మీదికి తెచ్చుకుంది.

ఎవరూ లేరు.

నాలుగు ఇటుకల మీద ఒక చెక్కపెట్టె. మాటలు అందులోంచి వస్తున్నాయి. పెట్టె మీద దుమ్ము. దీపం లేదు. బొమ్మల పెట్టె లేదు. అడుగు తొక్కిన జాడ లేదు. పైన, వెనక నుంచి చూస్తే తిరగబడిన బొమ్మలు. పెళ్లాం మీదికి చెయ్యెత్తిన మొగుడిది ఎడమ చెయ్యి. బొమ్మలో గోడ మీది అక్షరాలు తలకిందులు కావు గానీ, కుడి ఎడమలు మారిపోయి ఉన్నాయి.

వన్నూరమ్మ తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. కంప వైపు చూసింది. పెట్టె వెనక వంగి చూసింది. ఉంగరాల చెయ్యి కోసం చూసింది.

తెర అంచు దగ్గర ఒక సందు ఉంది. అందులోంచి ముందు కూర్చున్న జనం కనిపించారు. ఊరు ఊరంతా ఉంది. నిన్నటి నుంచి తమ తెర ముందు కనపడని మొహాలన్నీ, తెర వెలుతురులో తడిసి, పైకెత్తి ఉన్నాయి. తిట్టబోయింది. ఆ మొహాలను ఆమె ఎరుగును. ఇట్లాగే, నోరు కొంచెం తెరిచి, కొన్నేళ్ల కింద తన వైపు చూసిన మొహాలే.

నేల మీద మద్దిలేటి ఉన్నాడు. పాట వస్తోంది. వాడి వేళ్లు వాడి మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ఒకచోట అలవాటుగా కొంచెం సాగదీశాడు, పాడేవాళ్లు ఊపిరి తీసుకుంటారని. పాట వాడి కోసం ఆగలేదు. వాడు తడబడి, పరిగెత్తి, మళ్లీ దాన్ని అందుకున్నాడు.

తెర మీద ఆ ఇల్లాలు బిడ్డను ఎత్తుకొని వానలో గడప దాటుతోంది. ముందు వరసలో ఒక ముసలామె రెండు చేతులూ చాపింది. ఆమె పేరు గంగవ్వ. ఊళ్లోకి వచ్చిన రోజు వీళ్లకు మజ్జిగ పోసిన మనిషి.

“వద్దు తల్లీ,” అంటోంది గంగవ్వ, తెరతో. “వానలో పోవద్దు తల్లీ. నా మాట విను.”

వన్నూరమ్మ నోరు దానంతట అదే తెరుచుకుంది. తెర ముందు నుంచి ఎవరైనా పిలిస్తే తెర వెనక నుంచి జవాబు పోవాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె చేసిన పని అది. ఎన్ని ఊళ్లలో ఎంతమంది అవ్వలు వద్దన్నారో, అందరికీ రాణి గొంతుతో బదులు చెప్పింది. కథ ఆపి మరీ చెప్పింది.

“పోక తప్పదవ్వా,” అంది వన్నూరమ్మ. రాణి గొంతుతోనే. “నా మీద బెంగ పెట్టుకోవద్దు.”

చెక్కపెట్టెలో ఉరుము ఉరిమింది. ఆమె మాట ఆమెకే వినపడలేదు.

ఇల్లాలు వానలో వెళ్లిపోయింది. గంగవ్వ చాపిన చేతులు అట్లాగే కాసేపు ఉండి, ఒళ్లోకి దిగాయి.

వన్నూరమ్మ వెనక్కి తిరిగేసరికి తిప్పేస్వామి తెర దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో తట్ట పైకి పట్టుకొని ఉన్నాడు. ఎదురుగా మనిషి ఉంటే ఎంత వంగాలో అంత వంగి ఉన్నాడు. తెర మీద ఏదో పెద్ద చెయ్యి వచ్చింది, ఆయన తల మీదుగా జరిగి, పోయింది. ఆయన అట్లాగే ఉన్నాడు. ఆ సీను అయిపోయి వేరే సీను వచ్చింది. ఎవరో నవ్వించేవాడు వచ్చినట్టున్నాడు, జనం నవ్వుతున్నారు. ఆ నవ్వులు ఆగాక ముసలాయన తట్ట దించాడు.

బయటికి వచ్చారు. మిట్ట దిగారు.

“పొద్దున్నుంచి వల్లించినావే,” అన్నాడు తిప్పేస్వామి. “అనల్యా?”

“ఎవురిని అనాల పెద్దయ్యా?”

 ఆకువక్క ఇంకా తట్టలోనే ఉంది.

తమ తెర దగ్గరికి వచ్చాక ఆయన వెనక్కి పోలేదు. ముందు, ఖాళీ నేల మీద, తువ్వాలు పరుచుకొని కూర్చున్నాడు. తట్ట పక్కన పెట్టుకున్నాడు.

“దీపం ముట్టించు అమ్మీ. రాణిని అడివిలో వదిలేసే కాడ్నించి ఎత్తుకో.”

“రాజు ఎవురు? మద్దెల ఎవురు?”

“అడివిలో రాజు యాడుంటాడు? ఎత్తుకో.”

వన్నూరమ్మ తెర వెనక్కి పోయి దీపం ముట్టించింది. పెట్టెలోంచి రాణిని తీసింది. పొద్దున ఆయన బిగించిన దారంతో మోచెయ్యి తేలిగ్గా లేస్తోంది. పక్కన ఆయన లేడు. అటు మద్దెల లేదు. గొంతు సవరించుకొని ఎత్తుకుంది.

మొదట శ్రుతి తప్పింది. తర్వాత దారిలో పడింది. ఆడవాళ్లు నిట్టూర్చే చోటు వచ్చింది. అలవాటుగా ఆగింది. డేరా వైపు నుంచి పెద్ద నవ్వు వచ్చింది, వేరే దేనికో. ఆ నవ్వు సద్దుమణిగేదాకా రాణి చెయ్యి గాలిలోనే ఉంది. అప్పుడు తెర అవతల నుంచి, ఒక్క ముసలి గొంతు, “ఊ” అంది.

ఆ ఒక్క ఊ పట్టుకొని ఆమె కడదాకా ఆడింది. చెట్లతో మాట్లాడింది. పక్షిని దారి అడిగింది. ఏడ్చే చోట ఎంత ఏడవాలో అంతే ఏడ్చింది, ఒక చుక్క ఎక్కువ కాకుండా, ఎదురుగా ఊరంతా ఉన్నట్టు. చివర రాణి ఊరి వైపు తిరిగి, వినేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పిలుస్తుంది. పిలిచింది. కథలో ఆ పిలుపుకు జవాబు లేదు. మొదటిసారి ఆమెకు అది కథ అనిపించలేదు.

తిప్పేస్వామి తెర పక్కగా తిరిగి వెనక్కి వచ్చాడు. చేతిలో తట్ట. వంగి ఆమె రెండు చేతుల్లో ఆకులు, వక్క పెట్టాడు. ఆకుల అంచులు అప్పటికే వాడాయి.

ఆమె ఏమీ అడగలేదు.

“బాగుండాది అమ్మీ,” అన్నాడు.

పిల్లప్పటి నుంచి ఎదురుచూసిన మాట. ఎన్నోసార్లు బొమ్మతో పాటు పెట్టెలో మూసేసిన మాట. వచ్చింది. ఆమె తెర పక్క నుంచి ముందరి ఖాళీ నేల చూసింది. ఆయన కూర్చున్నంత మేర దుమ్ములో గుర్తు ఉంది. ఇంకేమీ లేదు. చేతిలోని మాట ఆకంత తేలిగ్గా ఉంది.

డేరాలో మొదటాట వదిలారు. జనం మిట్ట దిగి, వాదించుకుంటూ, వీళ్ల తెర పక్క నుంచే పోతున్నారు. బాగుందనేవాళ్లు, బాగాలేదనేవాళ్లు, ముందరి సినిమానే నయం అనేవాళ్లు. పొద్దున బంకు దగ్గరి కుర్రాళ్లు ఆగారు. గేటు మనిషి అప్పుడే చెప్పేశాడు కాబోలు.

“ఏమక్కా, తెరెనక్కి పోయినావంటనే! చూసినావా ఇంగ? చెప్పు మరి. ఎట్లుంది బొమ్మ?”

వన్నూరమ్మ నోరు తెరిచింది. పగలంతా నూరుకున్న మాటలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

“ఆడ ఎవురూ లేరు నాయనా,” అంది.

“ఎవురూ లేరా?” కుర్రాడు అందరి వైపు తిరిగాడు. “ఇంటిరా? కూచునేకి చోటు దొరక్క మేం నిలబడి చూస్తిమి. ఈ యమ్మ ఎవురూ లేరంటాది!”

నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. మద్దిలేటి కూడా వాళ్లలో ఉన్నాడు. వాడొక్కడూ నవ్వలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆ నవ్వు ఊళ్లోకి పోయి, ఇళ్లలో కలిసిపోయేదాకా వన్నూరమ్మ ఆకువక్క పట్టుకొని ఉంది.

తిప్పేస్వామి రాణి బొమ్మను గుడ్డతో తుడిచాడు. పెట్టెలో పెట్టాడు.

“రా అమ్మీ,” అన్నాడు. “తెర దించుదాం.”